కాలువగట్టు మీద కుడిపక్కన

ఈ వారం ఉత్తరం ఫ్రాన్స్‌లోని తులూజ్ నుంచి వచ్చింది. రాసినావిడ పేరు వేయొద్దన్నారు. సొంతూరు విజయవాడ, వయసు ముప్పై ఆరు, ఆరేళ్ల బాబు ఉన్నాడు. భర్త విమానాల పరిశ్రమలో ఇంజినీరు. ఆఫీసు ఊరికి పడమటి కొసన ఉంటే, ఇల్లు దక్షిణాన రమోన్‌విల్‌లో, మెట్రో బి లైను ఆఖరి స్టేషనుకి దగ్గర్లో. వేసవి చివర రక్తపరీక్ష చేయిస్తే చక్కెర హద్దు మీద ఉందని తేలింది. "మందులు అక్కర్లేదు, రోజూ ఒళ్లు కదపండి" అన్నారట డాక్టరు. సెప్టెంబరులో కనాల్ దు మిది అనే కాలువ గట్టు మీద జాగింగ్ మొదలుపెట్టారు. "బందరు కాలువ చూస్తూ పెరిగినదాన్ని. నీళ్ల పక్కన పరిగెడుతుంటే మా ఊళ్లో ఉన్నట్టే ఉండేది" అని రాశారు.

నవంబరు మొదటివారంలో ఒక సాయంత్రం, ఆరుంపావు వేళ, రాంగేయ్ వైపు నుంచి ఇంటికి వస్తుంటే వెనక సైకిల్ బెల్లు మోగింది. ఈవిడ గబుక్కున ఎడమకి జరిగారు. సైకిలతనూ ఎడమకే వచ్చాడు. మోకాలు గీసుకుపోయింది, మణికట్టు బెణికింది. అతను దిగి ఏదో చెప్పాడు గానీ సగమే అర్థమైందట. ఆ రాత్రి భర్త తేల్చి చెప్పేశారు: "ఇక ఒంటరిగా కాలువ మీదకి వద్దు. ఆదివారం నేనొస్తా, లేదంటే జిమ్‌లో చేరు." ఆదివారం ఇద్దరూ వెళ్తున్నారు. ఆయన ముందు పరిగెడతారు, ఈవిడ వెంటపడతారు. రెండు కిలోమీటర్లకే మోకాళ్ల కింద, ముందువైపు ఎముక వెంట మంట. ఆయనేమో బెంచీ మీద కూర్చుని ఫోను చూసుకుంటూ ఈవిడ కోసం ఎదురుచూస్తుంటారు. ఊళ్లో అమ్మ ఫోను చేసి, "ఈతైనా రాదు, నీళ్ల పక్కన ఒక్కదానివే ఏమిటే" అంటున్నారు. పరిచయమైన తెలుగు స్నేహితురాళ్లు ఇద్దరు ఏప్రిల్లో పది కిలోమీటర్ల పరుగుకి పేర్లు ఇస్తున్నారట. "ఆయన మాట కాదంటే ఇంట్లో గొడవ, వింటే ఇంట్లోనే కూర్చోవాలి. కాలువ నిజంగా అంత ప్రమాదమా? వేరే దారి ఉందా? కాలి నొప్పితో ఏప్రిల్‌కి పది కిలోమీటర్లు కుదిరే పనేనా?" ఇదీ వారి ప్రశ్న.

అమ్మా, ముందు ఆ సైకిల్ సంగతి తేల్చుకుందాం. ఇంట్లో గొడవంతా అక్కడే మొదలైంది, అందులో కాలువ తప్పు చాలా తక్కువ.

మనం పుట్టినప్పటి నుంచి ఎడమవైపు నడిచిన మనుషులం. వెనక నుంచి చప్పుడు వినపడితే కాళ్లు బుర్రని అడగకుండా ఎడమకి తప్పుకుంటాయి. ఫ్రాన్స్‌లో బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి ముందున్నవాళ్లని ఎడమపక్క నుంచి దాటుతారు. బెల్లు కొట్టినతను "నేను మీ ఎడమ నుంచి వస్తున్నా" అని చెబుతున్నాడు, మీరు సరిగ్గా అతని దారిలోకి జరిగారు. కొత్తగా వచ్చిన మనవాళ్లకి ఇది జరుగుతూనే ఉంటుంది. బెల్లు వినపడగానే చేయాల్సింది ఏమీ చేయకపోవడమే. మొదటి నుంచీ తారు దారికి కుడి అంచున పరిగెత్తండి, బెల్లు మోగినా అదే గీత మీద అదే వేగంతో సాగిపొండి, అతనే చూసుకుని పోతాడు. వెనక్కి తిరగాలనుకున్నప్పుడు మాత్రం ఆగి, కుడి అంచుకి పూర్తిగా తప్పుకుని, ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసి తిరగండి. పాటలు వినే అలవాటుంటే ఒక చెవికే పెట్టుకోండి, అదీ కుడి చెవికి. నాలుగైదు సార్లు ఖాళీ దారిలో బాబు చేత వెనక నుంచి సైకిల్ బెల్లు కొట్టించుకుని సాధన చేస్తే కాళ్లకి ఎక్కుతుంది. వినడానికి నవ్వొచ్చినా పనిచేసే పద్ధతి ఇదే.

ఇక వేళ. అక్టోబరు ఆఖరి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు. శనివారం దాకా ఏడింటికి దగ్గరలో కుంకిన సూర్యుడు ఆదివారం నుంచి ఆరు కాకముందే కుంకుతాడు. మీరు అలవాటుగా అదే గంటకి బయల్దేరారు, గట్టు మాత్రం చీకటిపడిపోయింది. పైగా రాంగేయ్‌లో విశ్వవిద్యాలయం, విమానశాస్త్ర కళాశాల, అంతరిక్ష పరిశోధన కేంద్రం అన్నీ కాలువకి దగ్గర్లోనే ఉన్నాయి. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామందికి సాయంత్రం ఇల్లు చేరే రోడ్డు ఆ గట్టే. ఐదున్నర నుంచి ఏడు దాకా అది జాగింగ్ దారి కాదు, సైకిళ్ల హైవే. దానికి తోడు గట్టు వెంట ఉండే ప్లేన్ అనే జాతి చెట్ల ఆకులు రాలే కాలం. అరచేతి కంటే పెద్ద ఆకులు తడి తారుకి అంటుకుపోతాయి, వాటి మీద సైకిల్‌కి బ్రేకు సరిగా పడదు. చీకటి, రద్దీ, జారుడు, ఎడమకి గెంతడం అన్నీ ఒక్క నిమిషంలో కలిశాయి. ఉదయం తొమ్మిదింటికైతే ఈ నాలుగింటిలో మిగిలేది ఆకులొక్కటే.

అందుకే మీ ఇద్దరి వాదన 'కాలువా, వద్దా' అన్నచోట ఇరుక్కుపోవడం అనవసరం. కాలువ ఒక్కటి కాదు. కిలోమీటరు మారితే, గంట మారితే వేరే చోటన్నమాటే.

మీరున్నచోటు నిజానికి అదృష్టం. కనాల్ దు మిది 1666లో మొదలై 1681లో పూర్తయింది. తులూజ్ నుంచి మధ్యధరా సముద్రం వైపు సుమారు 240 కిలోమీటర్లు. మన బందరు కాలువలాగా పొలాలకి నీళ్లివ్వడానికి తవ్వింది కాదు, పడవల కోసం తవ్వింది. మీరు పరిగెత్తే గట్టు అప్పట్లో గుర్రాలు తాడుతో పడవలు లాగిన దారి. పడవ కాలువ కాబట్టి పడవల్ని పైకెత్తి దించే గేట్లుండే లాకుకీ లాకుకీ మధ్య నీళ్లు తొట్టిలో నిలిచినట్టు సమతలం. ఊరి నడుమ రైల్వే స్టేషను దగ్గరి బయార్ లాకు దాటాక, మళ్లీ లాకు కస్తానే అనే ఊరి దగ్గరే. మధ్యలో పన్నెండు కిలోమీటర్లు ఒకే మట్టం, మీ ఇల్లు దాని పక్కనే. కొత్తగా పరిగెత్తేవాళ్లకి ఇంతకన్నా తేలికైన దారి దొరకదు. ఇబ్బందీ అందులోనే ఉంది. ఎత్తుపల్లాలు లేని తారు మీద ప్రతి అడుగూ ఒకేలా పడుతుంది, ఒకే ఎముక మీద, ఒకే కండరం మీద. మీ కాలి నొప్పి దగ్గర ఈ మాట మళ్లీ పనికొస్తుంది.

రమోన్‌విల్ పడవల రేవు, అదే పోర్ సూద్ నుంచి మీకు రెండు దిక్కులు. ఉత్తరానికి, ఊరివైపు వెళ్తే సుమారు ఏడు కిలోమీటర్లకి పోర్ సాన్-సోవర్ రేవు వస్తుంది. దారిలో బయటి రింగు రోడ్డుని కాలువ తానే వంతెనెక్కి దాటుతుంది. కింద కార్లు, పైన పడవలు, 1983లో కట్టారు, బాబుకి తప్పక చూపించండి. ఈ దిక్కున మనుషులుంటారు, సైకిళ్లూ ఉంటాయి, అలిసిపోతే రాంగేయ్ చుట్టుపక్కల మెట్రో స్టేషన్లు పది పదిహేను నిమిషాల నడకలో అందుతాయి. ఉద్యోగాల వేళలు తప్పించుకుంటే మంచి దారి.

దక్షిణానికి, కస్తానే లాకు దాకా, పోను మూడున్నర, నాలుగు కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఊరు పలచబడుతుంది, సైకిళ్లు తగ్గుతాయి. ప్రతి వంతెనా ఒక గుర్తు. ఈ రోజు మొదటి వంతెన దాకా, వచ్చేవారం రెండోదాని దాకా అని లెక్క పెట్టుకోవచ్చు. మనుషులు తక్కువ కావడం ఇక్కడి లోటు. పొగమంచు పట్టిన డిసెంబరు పొద్దున పది నిమిషాలకొకరు కూడా ఎదురుకాకపోవచ్చు. అప్పుడు తొమ్మిదిన్నర, పది దాకా ఆగితే మంచు తేలిపోయి కుక్కల్ని తిప్పేవాళ్లు, పెద్దవయసువాళ్లు బయటికొస్తారు. డిసెంబరు చివర అక్కడ తెల్లవారేది ఎనిమిదింపావు దాటాక, చీకటిపడేది ఐదున్నరకల్లా. బాబుని బడిలో దించి అటునుంచి అటే వెళ్లడం మీకు అన్నివిధాలా కుదిరే వేళ.

దిక్కు ఎంచుకోవడంలో గాలిని మరిచిపోకండి. ఆగ్నేయం నుంచి వీచే ఓతాన్ గాలి పేరు మీరు వినే ఉంటారు. మూడు రోజులో ఆరు రోజులో తొమ్మిదో వీస్తుందని అక్కడి సామెత. కస్తానే వైపు కాలువ సరిగ్గా ఆగ్నేయానికే పోతుంది. ఓతాన్ వీచే రోజు ముందు కస్తానే వైపు వెళ్తే ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు ఎదురుగాలి, తిరుగుదారిలో వీపున తోపు. ఊరివైపు వెళ్లారో, అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు గాలి మొహాన కొడుతుంది. మరీ ఉధృతంగా ఉంటే ఆ ముసలి చెట్ల కింద అసలు పరిగెత్తొద్దు, కొమ్మలు విరిగిపడతాయి. ఏప్రిల్, మే నెలల్లో అవే చెట్ల కాయల నుంచి సన్నని నూగు రాలి గొంతులో గరగర, కళ్లలో దురద పెడుతుంది. కళ్లజోడు పెట్టుకుంటే కాస్త నయం. 2006 నుంచి ఆ చెట్లకి ఒక బూజు తెగులు పట్టి కాలువ పొడవునా వేలకొద్దీ నరికేస్తూ వస్తున్నారు. నీడ కొన్నిచోట్ల లేదని గుర్తుంచుకుని జూలై, ఆగస్టుల్లో ఉదయం ఎనిమిది లోపే ముగించండి. విజయవాడ ఎండ చూసినవాళ్లం మాకేం అనుకుంటాం గానీ, అక్కడ మధ్యాహ్నం మూడింటికి మనం పరిగెత్తేవాళ్లం కాదు కదా.

ఈత సంగతి. మీ అమ్మగారి భయం తీసిపారేసేది కాదు, కానీ దానికి జవాబు సులువు. కాలువ లోతు దాదాపు రెండు మీటర్లు. దారికీ నీళ్లకీ మధ్య చాలాచోట్ల గడ్డిపట్టీ, చెట్లూ ఉంటాయి. కుడి అంచున పరిగెడితే పోనులోనో రానులోనో ఒకసారి నీళ్లు మీ కుడిపక్కకే వస్తాయి. అప్పుడు కూడా తారు అంచు మీదే ఉండండి, గడ్డి మీదకి దిగకండి. లాకుల దగ్గర మాత్రం గట్టు నిలువు రాతిగోడ, కింద నీళ్లు లోతుగా ఉంటాయి. అక్కడ నడకే. ఫొటో కోసం అంచుకి వెళ్లడం వద్దు. చలికాలంలో మరమ్మతులకని కొన్ని భాగాల్లో నీళ్లు దించేస్తుంటారు. అలా అడుగున బురద కనిపిస్తే కంగారుపడకండి.

కాలువ మీద మనసు విరిగిపోయి ఉంటే గారోన్ నది ఉంది. మెట్రోలో పాలే ద జుస్తీస్ స్టేషన్లో దిగి సాన్-మిషెల్ వంతెన దాటితే ఎడమగట్టున ప్రేరీ దే ఫిల్త్ర్ అనే పెద్ద పచ్చిక. దాని మీద ఎత్తులో కూర్ దియోన్ అనే చెట్ల బాట. పచ్చిక మీద రెండు చుట్లు, బాట మీద రెండు చుట్లు తిరిగితే కాళ్లకి తారు నుంచి తెరిపి. మనుషులు ఎప్పుడూ ఉంటారు, సైకిళ్లు తక్కువ. అలవాటయ్యాక నది మధ్యనున్న ఈల్ దు రమియే దీవి మీదకి పొడిగించుకోవచ్చు. నష్టమేమిటంటే మెట్రోకి పోనూ రానూ నలభై నిమిషాలు పోతాయి. ఇంకోటి, పచ్చిక నదికి దాదాపు సమానంగా ఉంటుంది. పిరనీస్ కొండల్లో మంచు కరిగే వసంతంలోనూ, పెద్ద వానల తర్వాతా నీళ్లు ఎర్రబడి పైకొస్తాయి, అప్పుడు గట్లు మూసేస్తారు. 1875 జూన్‌లో అదే నది సాన్-సిప్రియన్ పేటని ముంచి రెండొందల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. గేటు మూసి ఉంటే దూకి వెళ్లే పని పెట్టుకోవద్దు. ఎదురుగట్టున దొరాద్ రేవు పగలు బాగుంటుంది. అక్కడినుంచి సాన్-పియేర్ దాకా రాత్రుళ్లు, ముఖ్యంగా గురువారం, విద్యార్థుల సందడి, సీసాలు, గాజుపెంకులు. శుక్రవారం పొద్దున ఆ మెట్ల మీద చూసుకుని అడుగేయండి.

పడమటివైపు తూష్ అనే చిన్న ఏరు ఉంది. దాని వెంట చెట్లలో సాగే దారి మీవారి ఆఫీసుకి దగ్గర. ఇది ఇప్పటికి కాదు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది కాబట్టి అప్పుడు ట్రాములో ఆన్సెలీ దాకా వెళ్లి ఆయన్ని అక్కడ కలుసుకోవచ్చు.

ఇప్పుడు కాలు. పాదానికీ మోకాలికీ మధ్య, ముందెముక లోపలి అంచు వెంట చూపుడువేలితో చీలమండ పైనుంచి మెల్లిగా నొక్కుకుంటూ పైకి రండి. జానెడులో సగం, అంతకన్నా పొడవునా నొప్పిగా ఉండి, పరుగు మొదట్లో ఎక్కువై తర్వాత తగ్గుతుంటే అది ఎముక పొర వాపు. సాధారణంగా తగ్గిపోయేదే. అలాకాక రూపాయి బిళ్లంత చోట మాత్రమే సూదిలా పొడుస్తుంటే, ఒంటికాలి మీద గెంతితే ప్రాణం పోతున్నట్టుంటే, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే పరుగు ఆ రోజుతో ఆపేయండి. అది ఎముకలో సన్నని పగులు కావచ్చు. మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు, కాబట్టి ఎక్స్‌రే బాగుందనగానే పరుగు మొదలుపెట్టకూడదు. వాపు మాత్రమే అయితే డాక్టరు చీటీ రాసిస్తే కినే, అంటే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లొచ్చు.

ఎందుకొచ్చిందో మీ ఉత్తరంలోనే ఉంది. వారానికి ఒక్కసారి, అదీ ఆయన వేగంతో, తారు మీద. ఎముక గట్టిపడాలంటే చిన్న చిన్న దెబ్బలు తరచూ తగలాలి. మీరు ఆరు రోజులు ఏమీ ఇవ్వకుండా ఏడోరోజు ఒకేసారి దంచుతున్నారు. వేగంగా వెళ్లేవాళ్లని అందుకోవడానికి మనం అడుగు పొడవు పెంచుతాం, మడమ మోకాలి కంటే చాలా ముందుకెళ్లి పడుతుంది, ఆ అదురంతా ముందెముకకే. మీవారు భద్రత కోసం పెట్టిన ఆదివారం నియమమే మీ కాలు పాడుచేస్తోందని ఆయనకి తెలిసి ఉండదు. చెప్పండి.

రెండువారాలు పరుగు మానేసి రోజూ ముప్పై నలభై నిమిషాలు చురుగ్గా నడవండి. మీ డాక్టరు చెప్పింది రోజూ కదలమని. చక్కెరకి కావాల్సిందీ అదే, వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, వరసగా రెండు రోజులకి మించి ఖాళీ లేకుండా. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాల నడక కూడా లెక్కలోకే వస్తుంది. మెట్టు అంచున నిలబడి మడమలు లేపి దించే వ్యాయామం రోజు విడిచి రోజు, పదిహేను చొప్పున మూడుసార్లు, ముందు మోకాళ్లు నిటారుగా, తర్వాత కొద్దిగా వంచి. నొప్పి తగ్గాక ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిదిసార్లు. ముందు ఐదు నిమిషాలు, వెనక ఐదు నిమిషాలు నడక. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విడిచి. రెండేసి వారాలకి పరుగు నిమిషం పెంచుకుంటూ, నడక తగ్గించుకుంటూ పొండి. వేగం ఎంతంటే, పక్కన ఎవరైనా ఉంటే పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత. ముప్పై సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు నేల తాకుతోందో లెక్కపెట్టండి. 38 కంటే తక్కువైతే అడుగు పొడవైపోతోంది. వేగం పెంచకుండా అడుగు కురచ చేసి 40, 42 మధ్యకి తెచ్చుకోండి. సగం పరుగు తారు పక్కన గట్టి మట్టిబాట ఉన్నచోట చేయండి, చెట్ల వేళ్లు తారుని ఉబ్బించిన చోట్ల కాలు ఎత్తి వేయండి. బూట్లు ఐదారు వందల కిలోమీటర్లు దాటాయా చూసుకోండి.

ఇలా చేస్తే జనవరి చివరికి అరగంట ఆగకుండా పరిగెత్తడం చాలామందికి కుదురుతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో వారానికి ఒక పరుగుని మాత్రమే అరకిలోమీటరు చొప్పున పెంచి, ప్రతి నాలుగో వారం తగ్గించండి. మార్చి ఆఖరికి ఎనిమిది కిలోమీటర్లు వచ్చిందంటే ఏప్రిల్‌లో పది వస్తుంది. నొప్పి మళ్లీ తిరగబెట్టి ఫిబ్రవరి మధ్యకి కూడా ఐదు దాటకపోతే పేరివ్వకండి. స్నేహితురాళ్లతో కలిసి జూన్‌లోనో, శరత్కాలంలోనో చూడొచ్చు. పేరిచ్చేటప్పుడు ఇదివరకటిలా డాక్టరు సర్టిఫికెట్ అడగడం లేదు. పెద్దవాళ్లు అథ్లెటిక్స్ సమాఖ్య పెట్టిన పెపెఎస్ అనే ఆన్‌లైన్ ఆరోగ్య పాఠం పూర్తిచేసి ఆ నంబరు ఇవ్వాలి. మీకు చక్కెర సంగతి ఉంది కాబట్టి డాక్టరుకి ఒకమాట చెప్పడమే మంచిది.

జిమ్‌ని తీసిపారేయకండి. డిసెంబరు, జనవరిల్లో వాన పట్టిన వారాలకి ట్రెడ్‌మిల్ పనికొస్తుంది, ఒక శాతం వాలు పెట్టుకుంటే చాలు. కానీ నాలుగు నెలలు దాని మీదే ఉండి ఏప్రిల్‌లో ఒక్కసారిగా తారెక్కితే ఎముకకి ఇదే కథ మళ్లీ మొదలు. నెలవారీ రుసుము కట్టి రెండోవారం నుంచి వెళ్లడం మానేసేవాళ్లే ఎక్కువన్నది మీకూ తెలుసు.

ఇక మీవారు. ఆయన మాట విని ఆదివారానికే సరిపెట్టుకుంటే గొడవ ఉండదు, కానీ చక్కెర తగ్గదు, కాలు బాగుపడదు, మీలో ఒక మంట మిగులుతుంది. ఆయనకి చెప్పకుండా ఆఫీసుకెళ్లాక వెళ్లొచ్చు, చాలామంది చేసే పనే. అయితే చిన్న దెబ్బ తగిలినా 'దాచావు' అన్న మాట కాలువని దాటి ఇంకెన్నింటి మీదకో పోతుంది. మూడో దారి నాలుగు వారాల ఒప్పందం. కూర్చోబెట్టి అడగండి, ఆయనకి భయం దేనికి? సైకిళ్లా, నీళ్లా, చీకటా, మనుషులా? 'అన్నీ' అంటే ఒప్పుకోకండి, ఒక్కొక్కటీ చెప్పించండి. సైకిళ్లకి పగటివేళ, కుడి అంచు. నీళ్లకి లాకుల దగ్గర నడక. చీకటికి, చీకట్లో వెళ్లకపోవడమే. తప్పనిసరై సందెవేళ వెళ్తే నుదుటి లైటు, మెరిసే పట్టీలున్న పసుపు చొక్కా. మనుషుల సంగతికొస్తే, దక్షిణంవైపు పగలు ఇబ్బంది తక్కువ. ఊళ్లో మతబియో రైల్వే స్టేషను పరిసరాల్లో వంతెనల కింద పొద్దుపోయాక ఒంటరిగా వెళ్లకపోవడం ఆడవాళ్లకే కాదు, ఎవరికైనా మంచిదే. ఎవరైనా వెంటపడుతున్నట్టు అనిపిస్తే ఇంటివైపు కాకుండా మనుషులున్న రేవువైపు తిరగండి. పోర్ సూద్‌లో పడవల్లోనే కాపురముండేవాళ్లుంటారు.

బయల్దేరేటప్పుడు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ గంటకి పెట్టి ఆయనకి పంపండి. ఆ గంటలో ఫోను చేసి 'ఎక్కడున్నావ్' అని అడగకూడదన్నది ఒప్పందంలో ఆయన వైపు షరతు. దెబ్బ తగిలితే 112, లేదా వైద్యానికి నేరుగా 15. 'జ స్వి బ్లెసే' అంటే దెబ్బ తగిలింది అని. ఆ తర్వాత 'కనాల్ దు మిది' అని, దగ్గరి లాకు పేరో ఊరి పేరో చెప్పగలిగితే చాలు. గట్టు మీద వీధి నంబర్లుండవు కాబట్టి మీరు తిరిగే దారిలో వంతెనల పేర్లు ఒకసారి కాగితం మీద రాసుకోండి.

ఆదివారం ఆయన్ని రావద్దనకండి, పరిగెత్తొద్దనండి. సైకిలెక్కమనండి. మీ వేగానికి సైకిల్ హాయిగా సరిపోతుంది, నీళ్ల సీసా ఆయన దగ్గరుంటుంది, బాబు తన సైకిల్ మీద వెనకే వస్తాడు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి హెల్మెట్ అక్కడ చట్టం. బెల్లు కొట్టే సాధన కూడా అప్పుడే అయిపోతుంది. ఆయన తన పరుగు వేరే రోజు చేసుకుంటారు, నలభై నిమిషాలు బెంచీ మీద కూర్చోవడం ఆయనకి మాత్రం ఏం సరదా?

ఏప్రిల్‌లో ఆ పది కిలోమీటర్ల పరుగుకి ముందు ఒకసారి ఈ చుట్టు వేసి చూసుకోండి, శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి. మెట్రోలో ఫ్రాన్స్వా వెర్దియే దగ్గర దిగి పోర్ సాన్-సోవర్ నుంచి కాలువ వెంట ఉత్తరానికి. ఇది అందమైన భాగం కాదు, రెండుపక్కలా బండ్ల రోడ్లు, కొన్ని వంతెనల దగ్గర పైకొచ్చి సిగ్నలు దాటాలి. బయార్, మినీమ్, బేర్నే లాకులు మూడూ దిగువకే కాబట్టి తెలియకుండానే వేగం పెరుగుతుంది, పట్టి ఉంచండి. ఐదో కిలోమీటరు దగ్గర పోం జుమో జంట వంతెనలు. మూడు కాలువలు కలిసే రేవు అది. ఒకటి మీరొచ్చింది, ఇంకోటి గారోన్ పక్కనే సుమారు 193 కిలోమీటర్లు పడమటికి పోయేది, మూడోది 1776 నాటి బ్రియెన్ కాలువ. ఎడమకి, బ్రియెన్ పట్టుకోండి. కిలోమీటరున్నర పైచిలుకు చెట్లనీడ, ఈ చుట్టులో అతి నెమ్మదైన చోటు. అది నది దగ్గర సాన్-పియేర్ లాకుతో ముగుస్తుంది. అక్కడినుంచి గట్టు వెంట పోం నెఫ్ దాటి సాన్-మిషెల్ వంతెన దాకా. పోం నెఫ్ అంటే 'కొత్త వంతెన', ఊళ్లో ఉన్నవాటిలో అదే పాతది, 1875 వరదకి నిలబడ్డదీ అదే. గట్టు నుంచి రోడ్డుకి ఎక్కేచోట నడవండి. ఊళ్లోంచి గ్రాన్ రోన్ తోటలోకి వస్తే మంచినీళ్లు దొరుకుతాయి. మిగిలిన అరకిలోమీటరు మళ్లీ పోర్ సాన్-సోవర్‌కి. మీవారినీ బాబునీ రేవు దగ్గర కుడిపక్కన నిలబడమనండి.